ఎవరి తాలూకు?

(ముక్తేశ్వరంలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారి గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడవద్దని వారి కుటుంబం నాకు ముందే చెప్పింది. బతికుండగా సన్మానం అంటే పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయిన మనిషట. కాబట్టి ఆయన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను. నాకిచ్చిన విషయం మాత్రం సామాన్యమైంది కాదు: విశ్వాసం, ఆత్మజ్ఞానం, సృజన, అనుబంధం. ఒక్కోదానికి ఒక్కో ఏడాది ఉపన్యాసం పెట్టుకోవచ్చు. నేను మాత్రం ఒకే ప్రశ్న పట్టుకుని నాలుగిళ్ళూ తిరిగి వస్తాను.

ఆ ప్రశ్న మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్త మనిషి కనిపిస్తే మన వైపు రెండో మాటగా అడిగేది అదే: "ఎవరి తాలూకండీ?" ఒక్కోసారి పేరు కూడా ఆ తరవాతే. రేవు దాటించే పంటు మీద పక్కన నిలబడ్డాయన అడుగుతాడు. పెళ్ళిపందిట్లో ఎదుటి వరసలో కూర్చున్నావిడ అడుగుతుంది. "ఫలానావారి రెండో అల్లుడి తమ్ముణ్ణండి" అని చెప్పేదాకా అడిగినవాళ్ళ మనసు కుదుటపడదు. పట్నంలో పెరిగిన పిల్లలకి ఇది చాదస్తంగా ఉంటుంది. "నా పేరు చాలదా?" అంటారు. చాలదు మరి. మన ఊళ్ళల్లో మనిషి ఎప్పుడూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అయ్యే ఉండాలి.

వేదాంతం అడిగే ప్రశ్న వేరు. "నేనెవరు?" అన్నది దాని ప్రశ్న. అందులో బంధువులు లేరు, ఊరు లేదు, ఇంటిపేరు లేదు. ఆ ప్రశ్న ముందు మన తాలూకు గొడవంతా సంసారుల కాలక్షేపంలా కనిపిస్తుంది. పెద్దలు చాలామంది అలాగే చెప్పారు: ముందు ఈ బంధాలన్నీ తెంచుకో, అప్పుడు నువ్వెవరో తెలుస్తుంది అని.

నాకు దీని మీద పూర్తి నమ్మకం లేదు. ఈ మాటను అనుమానించడానికి ఆధారం ఎక్కడ దొరికిందంటే, సాక్షాత్తూ రమణ మహర్షి జీవితంలోనే. 1896లో పదహారేళ్ళ కుర్రాడు మదురైలో ఇల్లు వదిలి అరుణాచలం చేరాడు. రెండేళ్ళకి తల్లి అళగమ్మ వెతుక్కుంటూ వచ్చి ఏడ్చి బతిమాలితే నోరు విప్పలేదు, కదలలేదు. కథ ఇక్కడితో ఆగితే వైరాగ్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. కానీ ఆగలేదు. 1916లో ఆ తల్లి కొండకే వచ్చేసింది, కొడుకు దగ్గరే ఉండిపోయింది. 1922 మేలో ఆవిడ పోతున్నప్పుడు ఆయన గంటల తరబడి పక్కనే కూర్చున్నాడు. కొండ దిగువన సమాధి చేశారు. తరవాత కొన్నాళ్ళకి ఆయన పైనున్న స్కందాశ్రమం వదిలి ఆ సమాధి దగ్గరికి దిగివచ్చేశాడు. ఇవాళ మనం చూసే రమణాశ్రమం ఆ సమాధి చుట్టూ పెరిగిందే. "నేనెవరు" అన్న ప్రశ్నకి ప్రపంచం మొత్తంలో చిరునామాగా మారిన చోటు ఒక తల్లి సమాధి. తత్వవేత్తలు దీనికి వేరే వివరణ చెబుతారేమో. నాకు మాత్రం కొడుకు తల్లి దగ్గరికి వచ్చినట్టే కనిపిస్తుంది.

రచయిత చలం సంగతీ ఇంతే. బంధాల మీద ఆయన తిరగబడ్డంతగా తెలుగులో మరొకరు తిరగబడలేదు. ఆయన 1950లో అరుణాచలం వెళ్ళాడు. ఒంటరిగా కాదు, తనవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అక్కడ కూతురు సౌరిస్ మాటని గురువు మాటలా విన్నాడు. తండ్రి పెత్తనం గురించి అన్నన్ని రాసిన మనిషి చివరికి కూతురి ముందు శిష్యుడిలా కూర్చున్నాడంటే, ఆయన మారాడనేవాళ్ళున్నారు. ఆయన రాసినదానికి ఇదే సరైన కొనసాగింపు అని నా అభిప్రాయం.

మన కోనసీమలోకి వద్దాం. ఇక్కడి అగ్రహారాల్లో నిత్యాగ్నిహోత్రం చేసే ఆహితాగ్నుల మీద డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు దశాబ్దాలపాటు శ్రద్ధపెట్టి 2015లో ఒక పుస్తకం ప్రచురించాడు. యజ్ఞం అంటే మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం కదా. శ్రౌత విధి ప్రకారం భార్య లేనివాడికి అగ్నిహోత్రం లేదు. దంపతుల్లో ముందు పోయినవారికి ఆ అగ్నులతోనే దహనం. అంటే ముందు భార్య పోతే, ఏళ్ళ తరబడి కాపాడుకున్న నిప్పు ఆవిడతో వెళ్ళిపోతుంది. ఆయన మంత్రాలన్నీ నోటికి వచ్చి కూడా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఇద్దరి మధ్య నిలిచే విశ్వాసం ఇది. ఎంతమంది ఇల్లాళ్ళ పేర్లు ఆ నిప్పుతో పాటు మనం గుర్తుపెట్టుకున్నామన్నది వేరే ప్రశ్న, దానికి నా దగ్గర గర్వంగా చెప్పుకోదగ్గ జవాబు లేదు.

పేరు నిలిచిన ఇల్లాలు ఒకావిడ ఉంది. వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు. ఆవిడ గురించి మాట్లాడకుండా కోనసీమలో ఏ సభా జరగదు. కానీ మాట్లాడే తీరు మీద నాకు ఫిర్యాదు ఉంది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం, ఆవిడ ఫోటో ఇంగ్లండుకి వెళ్ళడం, దాన్ని కుర్చీలో పెట్టడం, ఇవే చెప్పుకుంటాం. రాజుగారు మెచ్చుకుంటేనే మన అన్నం గొప్పదయిందా? ఆవిడ కాలం ఎలాంటిదో ఎవరూ చెప్పరు.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1839లో, కోరంగిని ఉప్పెన ముంచేసింది. అంతకు ముందు 1832, 33ల్లో నందన కరువు, జనం 'డొక్కల కరువు' అని పిలిచిన కరువు, కృష్ణా గోదావరి మండలాల్లో ఇళ్ళకిళ్ళు ఖాళీ చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు కట్టి అవతలి లంకకి నీళ్ళు పట్టుకెళ్ళింది ఆ దశాబ్దంలోనే. అంటే ఆవిడకి ఊహ తెలిసేనాటికి ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఆకలి ఇంకా నిన్నమొన్నటి మాట. కాపురానికి లంకల గన్నవరం వచ్చి, పెద్దింటి ఇల్లాలయ్యేనాటికి గాదెల్లో ధాన్యం ఉంది. ఆకలి గుర్తుండి, ధాన్యమూ ఉన్న తరం చాలా అరుదుగా వస్తుంది. మనకి రెండోది మాత్రమే మిగిలింది.

వంతెనల్లేని రోజులు. పాయకో రేవు, రేవుకో పడవ. గాలి తిరిగినా, వరద వచ్చినా బాటసారులు గట్టు మీదే. వేళగాని వేళలో వచ్చిన ప్రతివాడికీ డొక్కావారింట్లో విస్తరి పడేది. రాత్రి ఏ జాముకి తలుపు తట్టినా పొయ్యి రాజేసేవారని చెప్పుకుంటారు. ఇలా ఒకటి రెండు రోజులు మనమూ చేస్తాం. ఆవిడ 1909లో కన్నుమూసేదాకా చేశారు. ఆస్తి తరిగింది, పద్ధతి తరగలేదు.

ఇందులో నాకు ముఖ్యమైన ఘట్టం ఒకటే. ఆవిడ జన్మకోసారైనా అంతర్వేది నరసింహస్వామి కల్యాణం చూడాలనుకుని ప్రయాణం కట్టారు. దారిలో ఆగినచోట ఎవరో కుటుంబం పిల్లాపాపలతో గన్నవరం వైపు వస్తోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరిపోతే అన్నం దొరుకుతుంది" అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. అక్కడే వెనక్కి తిరిగారు. వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరి వంట చేయించారు. అంతర్వేది ప్రయాణం అక్కడే ఆగిపోయింది.

ఈ కథని త్యాగానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో త్యాగం కనపడదు. ఆవిడ ఏదో వదులుకున్నట్టు లేదు, ఏదో దొరికినట్టుంది. అప్పటిదాకా ఆవిడ వచ్చినవాళ్ళకి పెట్టారు. తను లేనిచోట, తనెవరో తెలియనివాళ్ళ నోట, తన పేరు పసిపిల్లల్ని ఓదార్చే మాటగా మారిందని అప్పుడు తెలిసింది. తానెవరో తెలుసుకోవడానికి ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చోలేదు. బాటసారులు చెప్పారు. ఇంటిపేరు అడగకుండానే ఆ కుటుంబం ఆవిణ్ణి తమ తాలూకు చేసుకుంది. అయితే ఆ కథ వినే ప్రతిసారీ నాకు స్వామి గురించి కూడా ఒక ఆలోచన వస్తుంది: కల్యాణానికి పిలిచి, దారిలో ఆ మాట వినిపించింది ఆయనే కావచ్చు కదా. ఇది నా ఊహ, ఏ స్థలపురాణంలోనూ వెతక్కండి.

సరే, దేవుడి మాట వచ్చింది కాబట్టి, ఇక్కడికి దగ్గర్లోనే అయినవిల్లి వినాయకుడున్నాడు. లక్ష కలాలతో అభిషేకం చేసి పరీక్షల ముందు పిల్లలకి పంచుతారు. చదవనివాడికి కలం ఏం సాయం చేస్తుందని నవ్వుకునేవాళ్ళు మా వాళ్ళలోనూ ఉన్నారు. నేను నవ్వను. కలం పట్టుకున్న ఆ దేవుడి గురించి ఒక మంచి కథ ఉంది కాబట్టి. భారతం రాయడానికి వినాయకుడు వ్యాసుడికి ఒక షరతు పెట్టాడు, నువ్వు చెప్పడం ఆపితే నేను లేచిపోతానన్నాడు. వ్యాసుడు బదులు షరతు పెట్టాడు, అర్థం తెలియకుండా ఒక్క అక్షరం రాయకూడదన్నాడు. మన వాఙ్మయంలో అంత పెద్ద రచన ఒక్కడి ఏకాంతంలో పుట్టలేదు. ఇద్దరు మొండివాళ్ళు ఒకరినొకరు నిలదీసుకుంటే పుట్టింది. రాసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే, ఎదురుగా గట్టిగా వినేవాడు ఒకడుంటే తప్ప కలం సాగదు.

ఆ వ్యాసుడు ఎవరి తాలూకు? పడవ నడిపే పిల్ల కొడుకు. రేవులో పుట్టినవాడు. ఈ మాట మన సీమ నుంచి గొంతెత్తి చెప్పినాయన ఒకరున్నారు, బోయి భీమన్నగారు. 1911లో మామిడికుదురులో పుట్టారు. ఇక్కడ నా ప్రశ్నకి రెండో ముఖం కనిపిస్తుంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే ఈ ఉపన్యాసం అబద్ధమవుతుంది. "ఎవరి తాలూకు" అన్నది ఆప్యాయంగా అడిగే మాటే, నిజమే. కానీ అది చాలాసార్లు కులం అడగడానికి మనం కనిపెట్టిన మర్యాద కూడా. జవాబు విన్నాక అరుగు మీద కూర్చోబెట్టాలా, గుమ్మం అవతలే నిలబెట్టాలా అన్నది తేలిపోయేది. భీమన్నగారి తరంలో పేటలో పుట్టినవాడికి "ఫలానా కామందు పాలేరు" అన్నదొక్కటే ఊరు ఇచ్చిన జవాబు. పుట్టకముందే ఇచ్చేసిన జవాబు.

ఆయన ఆ జవాబునే పేరుగా పెట్టి 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి కావడం ఇవాళ మామూలు కథ. ఆ రోజుల్లో దాన్ని ఊరి మధ్య ఆడితే చూసినవాళ్ళలో కొందరు పిల్లల్ని పనిలోంచి మానిపించి బడికి పంపారు. ఒక నాటకం ఎవరి ఇంట్లోనైనా ఇంత పని చేసిందని చెప్పగల రచయితలు మనకి ఎంతమంది? అంబేడ్కర్ 'కులనిర్మూలన'ని తెలుగు చేసిందీ ఆయనే. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే మనిషి 'రాగవైశాఖి' లాంటి ప్రేమరచన కూడా చేశారన్నది మరిచిపోతుంటాం. ఉద్యమ కవికి వలపు ఏమిటన్నట్టు.

విశ్వాసం విషయంలో ఆయన ఎంచుకున్న దారి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. గుడి తలుపు మూసినవాళ్ళతో "మీ దేవుడు మీ దగ్గరే ఉంచుకోండి" అని వెళ్ళిపోయిన దళిత మేధావులున్నారు. అదీ న్యాయమైన దారే. భీమన్నగారు అలా వెళ్ళలేదు. వ్యాసవాల్మీకులు మావాళ్ళే, ఈ సంస్కృతిని కట్టింది మేమే, బయటికి పోవాల్సిన అవసరం మాకు లేదు అని వాదించారు. అటు సనాతనులకి నచ్చలేదు, ఇటు కొందరు అంబేడ్కరిస్టులకీ నచ్చలేదు. చరిత్రగా ఆయన వాదన ఎంతవరకు నిలుస్తుందో పండితులు తేల్చుకోనీండి. మీరంతా అడిగే ప్రశ్నకి నా జవాబు నేనే రాసుకుంటానన్న ఆ తెగువ ఉంది చూశారూ, ఆత్మజ్ఞానం అంటే నాకు తెలిసినంతలో అది కూడా.

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో ఈ సభలో ఉన్న అందరికీ తెలుసు. కొత్త కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు జోడిస్తామన్నందుకు ఇళ్ళు తగలబడ్డాయి. 'ఆయ్' అనకుండా మాట పూర్తిచేయని మనం, వచ్చినవాడికి కడుపు పగిలేలా పెట్టే మనం, ఆ సాయంత్రం టీవీల్లో వేరే మనుషుల్లా కనిపించాం. వేరే మనుషులం కాదు. జిల్లా ఎవరి తాలూకు అన్న ప్రశ్న వచ్చింది, అంతే. దీని మీద ఇంతకన్నా మాట్లాడను, మాట్లాడాల్సినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

ఇక సృజన. దీనికి నేను రాజోలు వైపు, మలికిపురం దగ్గర శంకరగుప్తం వెళ్ళాలి. 1930 జులై 6న అక్కడ మంగళంపల్లివారింట మురళీకృష్ణ పుట్టాడు. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణుగాన విద్వాంసుడు, సంగీతం చెప్పేవారు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. పిల్లాడికి ఊహ తెలియకముందే ఆవిడ పోయారు. తండ్రే తల్లై పెంచారు. సంగీత విద్వాంసుడైన తండ్రి కొడుక్కి చెయ్యగల పెద్ద పని ఏమిటంటే, నాకన్నా గట్టివాడు ఇంకొకడున్నాడని ఒప్పుకుని పిల్లాణ్ణి అక్కడ అప్పగించి రావడం. పట్టాభిరామయ్యగారు ఆ పని చేశారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చేర్చారు.

పంతులుగారు ఎవరి తాలూకు? సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యుడు. శాస్త్రిగారు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారి శిష్యుడు. ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యుడు. సంగీతంలో వంశవృక్షం అంటే ఇదే, రక్తంతో పని లేదు. ఎనిమిదో ఏట కచేరీ చేసిన కుర్రాడికి ఒక హరికథా విద్వాంసుడు ముచ్చటపడి పేరు ముందు 'బాల' చేర్చారు. ఎనభయ్యారేళ్ళు బతికి, 2016లో పోయేదాకా ఆయన బాలమురళే. మన వాళ్ళు ఒకసారి పెట్టిన వరస మార్చరు.

పదిహేనేళ్ళు దాటేసరికి డెబ్బైరెండు మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. అది ప్రతిభ, దాని గురించి చెప్పడానికేమీ లేదు. గొడవంతా తరవాత వచ్చింది. రాగానికి ఆరోహణలో అవరోహణలో కనీసం అయిదు స్వరాలుండాలన్నది అలవాటు: సంపూర్ణం ఏడు, షాడవం ఆరు, ఔడవం అయిదు. ఈయన నాలుగు స్వరాలతో మహతి పాడారు: షడ్జం, అంతరగాంధారం, పంచమం, కైశికి నిషాదం. మళ్ళీ నాలుగుతోనే లవంగి. అక్కడితో ఆగకుండా షడ్జ మధ్యమ పంచమాలు మూడింటితో సర్వశ్రీ. వీణ బాలచందర్ వంటి ఉద్దండులు ఇవి రాగాలే కావు, రాగాన్ని ఎవరూ సృష్టించలేరు అని గట్టిగా పోట్లాడారు. ఏళ్ళ తరబడి నడిచింది ఆ పోరు.

నేను సంగీతం తీర్పరిని కాను. నాకు వినపడేది చెబుతాను. మూడు స్వరాలతో పాడేవాడికి దాక్కునే చోటు ఉండదు. ఏడు స్వరాలుంటే తెలియనిచోట గమకం వేసి తప్పించుకోవచ్చు, మూడింట్లో ప్రతి స్వరం దగ్గరా గాయకుడు తన బలమూ బలహీనతా రెండూ ఒప్పుకోవాలి. తనను తాను అంత దగ్గరగా ఎరిగినవాడే ఆ సాహసం చేస్తాడు. గర్వం అన్నారు చాలామంది. గర్వం లేదని నేనూ అనను, ఆయనే అనలేదు.

ఈ కొత్తదనాల మనిషే రామదాసు కీర్తనల్ని తెలుగిళ్ళల్లోకి మళ్ళీ తెచ్చాడు. విజయవాడ రేడియో భక్తిరంజని వినే పొద్దుల్లో పెరిగినవాళ్ళకి రామదాసు గొంతు బాలమురళి గొంతే. ఆ కీర్తనల్లో ఉన్నది ఏమిటి? గోల్కొండ చెరసాలలో ఉన్నవాడు రాముణ్ణి నిలదీస్తాడు. నీకు చేయించిన నగల లెక్క చెప్పి దెప్పుతాడు. మళ్ళీ తనే నొచ్చుకుని క్షమించమంటాడు. బయటివాణ్ణి ఎవరూ అలా తిట్టరు. అలిగే చనువు ఉన్నచోటే ఆ తిట్టు పుడుతుంది. త్యాగయ్యదీ అదే వరస: బతిమాలడం, ఎత్తిపొడవడం, నాతో మాట్లాడవా అని నిష్ఠూరం. విశ్వాసం అంటే సందేహం లేకపోవడమని పుస్తకాల్లో ఉంటుంది. వీళ్ళ పాటల్లో సందేహం నిండా ఉంది, దూరం మాత్రం లేదు.

బాలమురళి సంప్రదాయాన్ని మీరాడని అన్నవాళ్ళు ఒక సంగతి వదిలేశారు. ఖరహరప్రియ రాగం ఇవాళ కచేరీల్లో తరచూ వినిపిస్తుంది. త్యాగరాజుకి ముందు దానికి చెప్పుకోదగ్గ కృతులు లేవు, ఆయన పాడి నిలబెట్టాడు. అలా ఆయన చేతిలో ప్రాణం పోసుకున్న రాగాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆయన కాలంలో కూడా ఎవరో ఒకరు, ఇదేం రాగమయ్యా, ఎక్కడా వినలేదే అని అడిగే ఉంటారు. అయిదో తరం శిష్యుడికి ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఆస్తిలో కీర్తనలున్నాయి, భక్తి ఉంది. లేనిది పాడే అలవాటు కూడా ఆ ఆస్తిలోదే. మొదటి రెండూ తీసుకుని మూడోది పెట్టెలో ఉంచి తాళం వేసినవాళ్ళు మంచి శిష్యులు. బాలమురళి మూడూ తీసుకున్నాడు.